పచ్చలైటు చెప్పని సంగతి

మొయినాబాద్ మండలం ఎంకపల్లి అనగానే చుట్టుపక్కల వాళ్లకు ముందు గుర్తొచ్చేవి కాలేజీలు. జేబీ ఇంజినీరింగు కాలేజీ, భాస్కర మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి ఈ ఊరి చిరునామా మీదే ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలను కాపాడటానికి 1996లో తెచ్చిన 111 జీవో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు పగ్గం వేయడంతో ఈ వైపు టవర్లు లేవలేదు. బదులుగా ఫాంహౌసులు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, హాస్టళ్లు పొలాల మధ్య పరుచుకున్నాయి. చేవెళ్ల దాకా అదే వరస. ఎత్తు తక్కువే గానీ జనం తక్కువ కాదు. ఒక పెళ్లికి వెయ్యి మంది, ఒక హాస్టల్లో వందల మంది, ఒక వార్డులో మంచం దిగలేని వాళ్లు. ఇలాంటి చోట్ల గోడకు ఒక ఇనప పెట్టె ఉంటుంది, ఫైర్ అలారం ప్యానెల్. దాని మూత తెరిస్తే కింది అరలో రెండు నల్లటి ఇటుకల్లాంటి బ్యాటరీలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. ఫైర్ అలారం గురించి మాట్లాడేవాళ్లు పైకప్పుకున్న డిటెక్టర్ల గురించి చెబుతారు, హూటర్ల గురించి చెబుతారు, గాజు పగలగొట్టి నొక్కే ఎర్ర డబ్బాల గురించి చెబుతారు. ఈ రెండు ఇటుకల ఊసెత్తేవాళ్లు తక్కువ. మొత్తం వ్యవస్థలో ముందు చచ్చేవి మాత్రం అవే.

అవి అసలు ఎందుకు కావాలో ముందు తేల్చుకుందాం. మన ఇళ్లలో, హాళ్లలో చాలా మంటలకు మూలం కరెంటే. షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ పడిపోతుంది, లేదా వైర్లే కాలి తెగిపోతాయి. అవేవీ జరగకపోయినా పొగ చూసిన మొదటి మనిషి పరుగెత్తి మెయిన్ దించేస్తాడు. అది సరైన పనే. అంటే అలారంతో అసలు పని పడే నిమిషానికి గోడలో కరెంటు ఉండదనుకునే ఏర్పాటు చేసుకోవాలి. ఆ చీకట్లో డిటెక్టరు పొగను పసిగట్టాలి, ప్యానెల్ ఆ కబురు అందుకోవాలి, హూటర్లు మోగాలి. ఆ భారమంతా ఇటుకలదే.

కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఒక లాడ్జిలో దిగాను. రిసెప్షన్ వెనక ప్యానెల్ మీద పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. దాని కిందే పసుపు లైటు కూడా వెలుగుతోంది. బజర్ నోటికి టేపు అంటించారు. అదేంటి బాబూ అని అడిగితే, "అది ఎప్పుడూ అంతే సార్, ఫాల్ట్ అంటది, ఏం కాదు" అన్నాడు కౌంటరు కుర్రాడు. బతిమాలితే మూత తీసి చూపించాడు. ఒక బ్యాటరీ పక్కలు పొంగి పూరీలా ఉంది. రెండోదాని టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంది. తయారీ తేదీ చదవబోతే స్టిక్కరు చెరిగిపోయింది. పచ్చలైటు గోడలో కరెంటు వస్తోందని చెబుతుంది, అంతే. బ్యాటరీ బతికుందో లేదో దానికి తెలియదు. ఆ రాత్రి నేను మెట్లెటున్నాయో చూసుకుని పడుకున్నాను.

ఆ ఇటుకల్లో ఉన్నది కొత్త విద్యేం కాదు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన సీసం-యాసిడ్ బ్యాటరీయే. ఒక పలక మీద సీసం డయాక్సైడ్, ఇంకో పలక మీద గుల్ల సీసం, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ. ప్యానెల్‌కు 24 వోల్టులు కావాలి కనుక రెంటిని వరసగా కలుపుతారు. ఇంట్లో ఇన్వర్టర్ పక్కన నిలబడే పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీకి అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తాం కదా, ప్యానెల్ పెట్టెలో ఆ రకానికి చోటు లేదు. యాసిడ్ ఆవిరి పైనున్న సర్క్యూట్ బోర్డును తినేస్తుంది. అందుకని యాసిడ్‌ను గాజునూలు చాపలో పీల్పించి మూత బిగించేసిన రకం పెడతారు. చార్జింగులో పుట్టే ఆక్సిజన్ ఆ చాప సందుల్లోంచి అవతలి పలకకు చేరి మళ్లీ నీరవుతుంది. లోపలి ఒత్తిడి మరీ పెరిగితే చిన్న రబ్బరు వాల్వు తెరుచుకుంటుంది. ఈ రకం మీద 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని అచ్చేసి ఉంటుంది. నీళ్లు పోయనక్కర్లేదని కంపెనీ ఉద్దేశం. చూడనక్కర్లేదని మనం తీసుకున్న అర్థం.

ఎంతసేపు నిలబడాలన్న దాని మీద ప్రపంచం ఒక్క మాట మీద లేదు. మన దేశంలో ఫైర్ అలారం ఎంపికకూ బిగింపుకూ నిర్వహణకూ ఆధారంగా తీసుకునేది ఐఎస్ 2189. దీన్ని 2008లో సవరించారు. అమెరికాలో వాడే ఎన్ఎఫ్‌పీఏ 72 ప్రకారం కరెంటు లేకుండా 24 గంటలు కాపలా కాసి, ఆ తర్వాత 5 నిమిషాలు అలారం మోగించగలగాలి. మైకులో మాటలతో హెచ్చరించే వ్యవస్థ అయితే 15 నిమిషాలు. బ్రిటన్ వాళ్ల బీఎస్ 5839 మనుషుల ప్రాణాల కోసం పెట్టే వ్యవస్థకు 24 గంటల కాపలా, అరగంట మోత అడుగుతుంది. సెలవుల్లో మనిషి జాడ ఉండని భవనాలకైతే కాపలా 72 గంటల దాకా పోతుంది. ఐదు నిమిషాలా, అరగంటా అన్నది పైకి చిన్న తేడాలా ఉంటుంది. ఆఫీసులో ఉద్యోగులు చెప్పులు వేసుకుని మెట్లు దిగడానికి ఐదు నిమిషాలు చాలు. ఆసుపత్రిలో చాలవు. అక్కడ రోగుల్ని ఒకేసారి బయటికి దింపరు, పొగ వచ్చిన వార్డు నుంచి పొగ రాని వార్డుకు మంచాలతో సహా తోస్తారు. కాబట్టి మొయినాబాద్, చేవెళ్ల వైపు ఆసుపత్రులకూ హాస్టళ్లకూ అరగంట లెక్కే తగినదని నా అభిప్రాయం. సరుకు అమ్మేవాళ్లు తరచూ ఐదు నిమిషాల లెక్క వేసి చూపిస్తారు. దాంతో బ్యాటరీ చిన్నదవుతుంది, కొటేషన్ కూడా చిన్నదవుతుంది.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు నేను పెట్టినవి, పద్ధతి బ్రిటిష్ వాళ్లది. మూడంతస్తుల హాస్టలు అనుకుందాం. మామూలు రోజున ప్యానెల్, డిటెక్టర్లు అన్నీ కలిసి 0.2 ఆంపియర్లు తీసుకుంటాయి. హూటర్లన్నీ మోగితే 1.2 ఆంపియర్లు. 24 గంటల కాపలాకు 4.8 ఆంపియర్ అవర్లు, అరగంట మోతకు 0.6, వెరసి 5.4. వయసుతో తగ్గే శక్తి కోసం పాతిక శాతం కలిపితే 6.75. "ఏడుంది కదా, సరిపోయింది" అని 7 ఆంపియర్ అవర్ బ్యాటరీల జత బిగించేస్తారు. తిరకాసు ఇక్కడే ఉంది. బ్యాటరీ మీద వేసిన 7 అన్న అంకె 20 గంటల పాటు మెల్లగా, 0.35 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చేది. ఊట బావి లాంటిదే ఇదీ. చేదతో తోడితే రోజంతా నీళ్లొస్తాయి, మోటారు పెట్టి లాగితే గంటకే అడుగు తేలుతుంది. హూటర్లు మోటారు లాంటివి. అందుకని ఇంత వేగంగా లాగే సందర్భంలో మోత భాగాన్ని 1.75తో హెచ్చవేస్తారు. 0.6 కాస్తా 1.05 అవుతుంది. వెరసి 5.85, దానికి పాతిక శాతం కలిపితే 7.3. ఏడు సరిపోలేదు.

ఇది కొత్తలో సంగతి. రెండేళ్లకు హాస్టలు మీద ఇంకో అంతస్తు లేస్తుంది. డిటెక్టర్లు, హూటర్లు కలుస్తాయి. కాపలా కరెంటు 0.28కి, మోత 1.6కి పెరిగిందనుకుంటే లెక్క 10 దాటిపోతుంది, 12 ఆంపియర్ అవర్ల జత కావాలి. వైరింగు చేసిన కుర్రాడు పై అంతస్తును కిందున్న ప్యానెల్‌కే కలిపి, పొగ స్ప్రే కొట్టి, హూటరు మోగితే చేతులు దులుపుకుని వెళ్తాడు. మోగుతుంది మరి, కరెంటు ఉంది కదా. కింది అరలో ఇటుకలు మాత్రం పాతవే.

ఇక చార్జరు. నా లెక్కలో బ్యాటరీలను కాలం కంటే ఎక్కువగా చంపేది ఇదే. జీవితమంతా నిండుగా ఉండి ఎదురుచూడటమే ఇలాంటి బ్యాటరీ ఉద్యోగం. దాన్ని ఆ నిండుతనంలో నిలిపి ఉంచే వోల్టేజీని ఫ్లోట్ అంటారు. 12 వోల్టుల బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 13.8, జతకు 27 నుంచి 27.6. వీలు ఎంత ఇరుకో చూడండి. కాస్త తగ్గితే పలకల మీద సీసం సల్ఫేటు గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జి చేసినా కరగదు. కాస్త పెరిగితే లోపలి సీసపు జల్లెడ తుప్పు పడుతుంది, నీరు ఆవిరై వాల్వు దారిన పోతుంది, బ్యాటరీ ఎండి, వేడెక్కి, పొంగుతుంది. లాడ్జిలో నేను చూసిన పూరీ ఆ బాపతే. యూరపు ప్రమాణం ఈఎన్ 54-4 చార్జరుకు ఇంకో షరతు పెట్టింది: పూర్తిగా దిగిన బ్యాటరీని 24 గంటల్లో 80 శాతానికి, ఇంకో 48 గంటల్లో నూరు శాతానికి తేవాలి. అందుకే 'పెద్ద బ్యాటరీ వేస్తే పోలా' అన్న ఉపాయం కొన్నిసార్లు బెడిసికొడుతుంది. 7 ఆంపియర్ అవర్ల చోట 26 వేస్తే 24 గంటల్లో దాదాపు 21 ఎక్కాలి. అంటే చార్జరు ఎడతెగకుండా 0.9 ఆంపియర్ల దాకా ఇవ్వాలి. అరాంపియరు చార్జరైతే రెండు రోజులకు గానీ ఆ మెట్టు ఎక్కదు. ఈలోగా మళ్లీ కరెంటు పోతే సగం కడుపుతోనే కాపలా.

ఇక్కడ ఎలక్ట్రీషియన్లు కూడా మోసపోయే చోటు ఒకటుంది. మల్టీమీటరు తీసి బ్యాటరీ టెర్మినళ్ల మీద పెడితే 27.2 అని చూపిస్తుంది. బాగుందంటారు. ఆ 27.2 బ్యాటరీది కాదు, చార్జరుది. లోపల చచ్చిన బ్యాటరీ ఉన్నా చార్జరు తన వోల్టేజీని తాను చూపిస్తూనే ఉంటుంది. తీగ ఊడదీసి కొలిస్తే 12.7 చూపించి, చిన్న కారు బల్బు తగిలించగానే 9కి పడిపోయే బ్యాటరీలు ఎన్నో. చౌక ప్యానెళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తాయి, తీగ ఊడితే తప్ప ఫాల్ట్ చెప్పవు. మంచి ప్యానెల్ అప్పుడప్పుడు చార్జరును కాసేపు పక్కన పెట్టి బ్యాటరీ మీద బరువు మోపి చూస్తుంది. ఈఎన్ 54-4కు 2006లో చేసిన సవరణ బ్యాటరీ లోపలి నిరోధం హద్దు దాటితే ఫాల్ట్ చూపాలని అడిగింది. ప్యానెల్ కొనేటప్పుడు ఎన్ని జోన్లు, తెర ఎంత పెద్దది అని అడుగుతాం. బ్యాటరీని ఎలా పరీక్షిస్తావని దాన్ని అడగాలి.

చేవెళ్ల ఎండ దగ్గరికి వద్దాం. ఐదేళ్లు వస్తుందని పెట్టె మీద రాసేది 25 డిగ్రీల గదికి. ప్రతి ఎనిమిది పది డిగ్రీల పెరుగుదలకూ ఈ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలమానం. మన దగ్గర ప్యానెల్ ఎక్కడ పెడతారు? మెట్ల కింద మూసిన గదిలో, ట్రాన్స్‌ఫార్మర్ గోడ పక్కన, రేకుల షెడ్డులో ఉన్న వాచ్‌మన్ గదిలో. ఏప్రిల్, మే నెలల్లో ఆ చోట్ల 40 డిగ్రీలు మామూలు మాట. పైగా వేడికి తగ్గట్టు ఫ్లోట్ వోల్టేజీ తగ్గించాలి: గదికి డిగ్రీకి 3 మిల్లీవోల్టుల చొప్పున. పన్నెండు గదుల జతకు 15 డిగ్రీల తేడాకు అర వోల్టు పైమాటే. ఆ సర్దుబాటు తెలియని చార్జరు ఎండాకాలమంతా బ్యాటరీకి అన్నం తిన్నాక మళ్లీ విస్తరి వేసినట్టు కూరుతూనే ఉంటుంది. అమెరికా నియమం పాత కూర్పుల్లో మూత బిగించిన సీసం బ్యాటరీని తయారైన ఐదేళ్లలోపే మార్చమనేది. మన రేకుల గదుల్లో మూడేళ్లకే మార్చాలంటాను. ప్యానెల్‌ను ఉత్తరపు గోడకు, గాలి ఆడే వరండాలోకి జరిపితే ఆ మూడూ నాలుగు కావచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు, ప్లాను గీసేటప్పుడు ఒకరికి తోచాలంతే.

కరెంటు సంగతి కూడా మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతపు పవర్ హాలిడేల రోజుల్లో బ్యాటరీలు రోజూ అడుగంటి, రోజూ నిండి, ఏడాదికే అలసిపోయేవి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు ఇస్తున్నారు. ఇప్పుడు మొయినాబాద్ వైపు కోతలంటే ఎక్కువగా సాయంత్రపు గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడటం, ఫ్యూజు పోవడం. బ్యాటరీకి ఇది మేలే. అయితే దీనికో వికటం ఉంది. రోజూ కరెంటు పోయేటప్పుడు చచ్చిన బ్యాటరీ రోజూ దొరికిపోయేది. కరెంటు పోని చోట అది ఏళ్ల తరబడి దొరకదు.

"మాకు జనరేటరుంది సార్, ఇన్వర్టరుంది" అన్నది ఫంక్షన్ హాళ్లలో తరచూ వినే జవాబు. జనరేటరు స్టార్టయి నిలదొక్కుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆటోమేటిక్ కాకపోతే ఆపరేటరు భోజనాల వరస నుంచి లేచి వచ్చేదాకా ఆగాలి. దాన్ని స్టార్టు చేసేది కూడా ఒక సీసం బ్యాటరీయే అన్నది మరిచిపోతారు. మంట జనరేటరు షెడ్డులోనే మొదలైతే ఇక చెప్పేదేముంది. ఇన్వర్టరుదైతే ఇంకో కథ. దాని మీద ఫ్యాన్లు, లైట్లు, సీసీ కెమెరాలు, ఎవరో పెట్టిన ఫోన్ చార్జర్లు ఉంటాయి. పండగ సెలవులకు దాన్ని ఆపేసి వెళ్తారు. ప్యానెల్‌కు మెయిన్ బోర్డు నుంచి వేరే తీగ, దానికి ఎర్ర రంగు వేసిన ఎంసీబీ, దాని మీద 'ఆపవద్దు' అన్న తెలుగు అక్షరాలు ఉండాలి. జనరేటరుంటే మంచిదే, అదనపు బలం. అది బ్యాటరీ స్థానంలోకి రాదు.

బ్యాకప్ అంటే ఏమిటో తెలుగు నేల మీద అన్నిటికంటే కటువుగా చెప్పింది శ్రీశైలం. కృష్ణ ఎడమగట్టున కొండ కడుపులో ఉన్న జలవిద్యుత్ కేంద్రం అది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900. 2020 ఆగస్టు 20 రాత్రి పదిన్నర ప్రాంతంలో లోపల మంటలు లేచాయి. సొరంగం పొగతో నిండిపోయింది. 9 మంది చనిపోయారు. వాళ్లలో ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీ కంపెనీ నుంచి పని మీద వచ్చినవాళ్లు. ఆ రాత్రి అక్కడ జరుగుతున్నది పాత బ్యాటరీలు తీసి కొత్తవి పెట్టే పని.

అది ఫైర్ అలారం బ్యాటరీల పని కాదు, ఆ తేడా చెప్పుకోవాలి. విద్యుత్ కేంద్రంలో వందల వోల్టుల డీసీ బ్యాటరీల వరస ఒకటి ఉంటుంది. తప్పు జరిగితే పసిగట్టే రిలేలకూ, బ్రేకర్లను తెంచే కాయిల్‌కూ ఊపిరి దానిదే. లక్షల కిలోవాట్లు పుట్టించే చోట కూడా రక్షణ వ్యవస్థను ఆ పుట్టే కరెంటు మీద వదిలేయరు, విడిగా బ్యాటరీ మీద నడుపుతారు. ఎందుకంటే ఆపద వేళకు నమ్మలేనిది సరిగ్గా ఆ కరెంటునే. ఆ డీసీ అందకపోతే బ్రేకరు తెగదు, తెగకపోతే షార్ట్ సర్క్యూట్‌లోకి కరెంటు పారుతూనే ఉంటుంది. శ్రీశైలం మీద జరిగిన చర్చల్లో డీసీ సరఫరా సంగతే ముందుకొచ్చింది. ఎంకపల్లి హాస్టల్లోని 24 వోల్టుల జతకూ ఆ కొండలోని వరసకూ సూత్రం ఒకటే. అక్కడి నుంచి మనం తెచ్చుకోవలసిన పాఠం ఒకటుంది, దాన్ని మన అలారం కంపెనీల వాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. బ్యాటరీ లేని సమయాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైంది మార్చే సమయం. పాతవి తీసేసి, "కొత్తవి రేపు తెస్తా" అని ప్యానెల్ మూత వేసి వెళ్లిపోవడం మన దగ్గర సర్వసాధారణం. రాత్రంతా రెండు వందల మంది పిల్లలు నిద్రపోయేది ఆ మూత కిందే. కొత్త జత చేతిలో ఉంటేనే పాతది తీయాలి, పగటిపూటే తీయాలి, తీసేముందు వార్డెన్‌కు చెప్పి ఒక మనిషిని అంతస్తులన్నీ తిరగమనాలి.

బ్యాటరీ మంటను కాపు కాసేదే కాదు, మంటను పుట్టించేది కూడా. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జిలోకి ఎక్కింది, 8 మంది చనిపోయారు. అప్పటి నుంచి లిథియం అంటేనే జనానికి బెదురు. అదే సమయంలో అలారం ప్యానెల్‌కు కూడా లిథియం వేద్దామా అన్న ప్రశ్న అమ్మకందార్ల నోట వినబడుతోంది. తేలిక, ఎక్కువ కాలం వస్తుంది అన్నది వాళ్ల వాదన. స్కూటర్లలో చాలావాటికి వాడిన రకంతో పోలిస్తే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ నెమ్మదస్తురాలే, అంత తేలిగ్గా భగ్గుమనదు. కానీ నా ఇబ్బంది మంట గురించి కాదు. ఈ రకంలో బ్యాటరీని కాపాడే చిన్న సర్క్యూటు ఒకటి లోపలే ఉంటుంది, వోల్టేజీ హద్దు మీరినా కరెంటు ఎక్కువైనా తనంత తాను తెంచేస్తుంది. స్కూటర్లో అది భద్రత. అలారంలో, హూటర్లన్నీ ఒక్కసారి లాగిన క్షణంలో అది తెంచితే? పైగా పాత ప్యానెల్ చార్జరు సీసం స్వభావం తెలిసినది, బ్యాటరీ పరీక్ష కూడా సీసం లెక్కలతోనే చేస్తుంది. ప్యానెల్ చేసిన కంపెనీ ఫలానా లిథియం వాడొచ్చని రాసిస్తే తప్ప వేయకూడదు. సీసం బరువైనదే, పాతదే. దాని రోగాలన్నీ మనకు తెలుసు, అదే దాని గొప్ప.

తెలిసిన రోగాల సంగతికొస్తే, వాటికి మందులు చేసే ఫ్యాక్టరీలు మన దగ్గరే ఉన్నాయి. 1977లో హైదరాబాదులో మొదలైన హెచ్‌బీఎల్ నికెల్-కాడ్మియం బ్యాటరీలకు పేరు పడింది. ఆ రకం వేడినీ లోతైన ఖాళీనీ సీసం కంటే బాగా తట్టుకుంటుంది, రైళ్లలో, విద్యుత్ కేంద్రాల్లో ఏళ్లకేళ్లు నిలుస్తుంది. ధర ఎక్కువ, కాడ్మియం విషం, గదికి 1.2 వోల్టులే కనుక 24కు ఇరవై గదులు కావాలి. మామూలు హాస్టలు ప్యానెల్‌కు అంత సరంజామా దండగ. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర కరకంబాడిలో పెట్టిన అమరరాజా, అమరాన్ కారు బ్యాటరీతో ఇంటింటికీ తెలిసింది. అంతకుముందు నుంచే టెలిఫోను ఎక్స్ఛేంజీల లాంటి వాటికి మూత బిగించిన బ్యాటరీలు చేసేది. ఇప్పుడు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల కోసం పెద్ద ప్రాంగణం కడుతోంది, 2023లో శంకుస్థాపన జరిగింది. నాణ్యమైన సరుకు మన దగ్గరే దొరుకుతుండగా పేరూ తేదీ లేని బ్యాటరీలు కొనడానికి కారణం వంద రెండొందల తేడా. ఈఎన్ 54-4 అయితే బ్యాటరీ మీద తయారీ తేదీ ఉండి తీరాలంటుంది. గోదాములో ఏడాది మూలిగిన బ్యాటరీ నెలకు మూడు శాతం చొప్పున దానంతటదే దిగిపోతూ, బిగించే రోజుకే ముసలిదై ఉంటుంది. తేదీ లేనిది కొనకపోవడం పెద్ద చదువు అక్కర్లేని జాగ్రత్త.

ఇళ్ల గురించి ఒక్క మాట. 2025 మే 18 తెల్లవారుజామున హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. మన ఇళ్లకు ఇంత ప్యానెల్ ఎవరూ పెట్టరు, పెట్టాల్సిన పనీ లేదు. పైకప్పుకు అతికించే అరచేయంత స్మోక్ అలారం చాలు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లన్నిటిలో అది ఉంటుంది, దాంతో వాళ్ల పోరూ ఉంటుంది. తాళింపు వేయగానే అరుస్తుంది. బ్యాటరీ అయిపోవస్తే అర్ధరాత్రి నిమిషానికోసారి కిచకిచమంటుంది. కోపమొచ్చి బ్యాటరీ పీకి సొరుగులో పడేసి, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. ఆ మరుపుకు విరుగుడుగానే పదేళ్ల పాటు తీయడానికి వీల్లేకుండా లిథియం సెల్లు బిగించేసిన రకాలు వచ్చాయి. కిచకిచను అక్కడ సొరుగులో పడేస్తారు, ఇక్కడ బజర్‌కు టేపు వేస్తారు.

ఆ టేపు తీసే బాధ్యత ఎవరిది? తెలంగాణలో పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల లాంటి జనం గుమిగూడే భవనాలకు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) కావాలి. ఎన్ఓసీ తనిఖీ రోజున అన్నీ కొత్తవే. అప్పుడు మోగుతుంది. మూడో ఏటికి వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) ఎవరికి ఇచ్చారన్నది కూడా మేనేజరుకు గుర్తుండదు. ఏఎంసీ కుర్రాడు మూడు నెలలకోసారి వచ్చి, ఒక డిటెక్టరుకు పొగ చూపి, పుస్తకంలో సంతకం పెట్టి పోతాడు. అతన్ని తప్పుపట్టలేం, ఒప్పందంలో బ్యాటరీ పరీక్ష అన్న మాటే ఉండదు. నేనైతే ఆ ఒప్పందంలో రెండు వాక్యాలు రాయిస్తాను. ఆరు నెలలకోసారి ప్యానెల్ మెయిన్ దించి ఒక గంట బ్యాటరీ మీదే ఉంచి, ఆ తర్వాత హూటర్లన్నీ ఐదు నిమిషాలు మోగించి, మోగుతుండగానే బ్యాటరీ జత వోల్టేజీ కొలిచి పుస్తకంలో రాయాలి. అది 21 వోల్టుల దరిదాపుల్లోకి దిగితే జత మార్చాలి. ఎప్పుడూ జతగానే, పాతదీ కొత్తదీ కలపకూడదు. బిగించిన తేదీ బ్యాటరీ మీద మార్కరుతో రాసి, ఆ తేదీ కనబడేలా ఫోటో తీసి వార్డెన్ ఫోనుకు పంపాలి. 7 ఆంపియర్ అవర్ల మంచి జత రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. మొయినాబాద్ హాళ్లలో ఒక పెళ్లికి స్టేజీ మీద పూలకు అయ్యే ఖర్చులో అది ఎన్నో వంతో లెక్క వేయడం నాకిష్టం లేదు.

మార్చిన పాత జత ఎటు పోతుందన్నది ఈ ప్రాంతంలో అడగాల్సిన ప్రశ్న. ఒక్కో ఇటుక రెండు కిలోల పైన ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సీసమే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారే వాటిని వెనక్కి తీసుకోవాలంటాయి. జరిగేది వేరు. వాచ్‌మన్ వాటిని కొన్నాళ్లు గది మూలన పెట్టి, పాత ఇనప సామాను బండి వచ్చినప్పుడు కాటా వేయిస్తాడు. బండివాడు యాసిడ్ ఎక్కడో పారబోసి, సీసం కరిగించేవాడికి అమ్ముకుంటాడు. ఎంకపల్లి నుంచి వాన నీరు పారేది 1920లో, 1927లో హైదరాబాదు తాగడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల వైపు. కొత్త జత కొనేటప్పుడే పాతది తీసుకుని రసీదు ఇమ్మని దుకాణంలో అడగొచ్చు. అడిగితే ఇస్తారు, ధరలో కాస్త తగ్గిస్తారు కూడా.